మోదుగ పూసే నెలలో మన ఈస్టరు



ఈస్టరు పండుగ సమీపించగానే శుభాకాంక్షల బొమ్మలు రావడం మొదలవుతుంది. ఇదివరకు కార్డుల మీద వచ్చేవి, ఇప్పుడు ఫోన్లలో వస్తున్నాయి. బొమ్మలు మాత్రం మారలేదు. పచ్చని గడ్డి, ఆ గడ్డిలో గంతులు వేసే గొర్రెపిల్లలు, పసుపుపచ్చని డాఫోడిల్ పూలు, తెల్లని లిల్లీలు, రంగులు పూసిన గుడ్లు. ఆ బొమ్మను చేతిలో పట్టుకొని జైపూర్‌లో మన ఇంటి గుమ్మంలో నిలబడి బయటకు చూడండి. టేకు చెట్లకు ఆకు లేదు. చెరువు అడుగు కనిపిస్తోంది. పెగడపల్లి విద్యుత్ కేంద్రం పొగగొట్టాల వెనుక ఆకాశము పది గంటలకే తెల్లబడిపోయింది. గొర్రెలున్నాయి గాని గంతులు వేయడం లేదు, తుమ్మచెట్టు నీడలో తలలు వంచుకొని నిలబడ్డాయి.

ఆ బొమ్మలు అబద్ధమని నేను అనడం లేదు. అవి బ్రిటన్ దేశపు ఏప్రిల్ నెల బొమ్మలు. ఆ దేశములో చలికాలపు పగలు చాలా చిన్నది. డిసెంబరులో లండన్ నగరములో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. మార్చి 21 ప్రాంతములో పగలు, రాత్రి సమానమై, అక్కడినుండి వెలుతురు పెరుగుతూ పోతుంది. ఏప్రిల్‌లో జల్లు కురుస్తుంది, ఎండ కాస్తుంది, మళ్ళీ జల్లు. మొద్దుబారిన నేలలోనుండి గడ్డి లేస్తుంది. గొర్రెలు ఈనే కాలము కూడ అదే. అక్కడి విశ్వాసులు శ్రమకాలము నాలుగవ ఆదివారమున తల్లులను సన్మానిస్తారు, శుభ శుక్రవారమున సిలువ గుర్తు వేసిన తియ్యని బన్నులు తింటారు, ఈస్టరునాడు పిల్లలు ఉడికించిన గుడ్లను గుట్టవాలు మీద దొర్లిస్తారు. శ్రమకాలమునకు వారి భాషలో ఉన్న ‘లెంట్’ అనే మాటకు అసలు అర్థము ఉపవాసము కాదు, పగలు పొడుగయ్యే వసంతకాలము. ‘ఈస్టరు’ అనే మాట కూడ పూర్వకాలపు ఇంగ్లీషువారి ఒక నెల పేరునుండి వచ్చిందని ఎనిమిదవ శతాబ్దములో బీడ్ అనే సన్యాసి వ్రాశాడు.

మనకు సువార్త తెచ్చిన దొరలలో చాలామంది ఆ దేశమువారే. వారి భక్తితోపాటు వారి వాతావరణము కూడ మన పాటల పుస్తకాలలోకి, సండేస్కూలు బొమ్మలలోకి వచ్చేసింది. దీనిని తొందరగా గ్రహించినవారిలో బిషప్ వి. ఎస్. అజరయ్యగారు ఒకరు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకము పొందిన ఆయన, అక్కడ కట్టించిన దేవాలయము ఇంగ్లాండు దేవాలయానికి నకలుగా ఉండకూడదనుకున్నారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ దేవాలయములో మన దేశపు గుడి కట్టడము, మసీదు కట్టడము కలిసి కనిపిస్తాయి. బొగ్గు రైళ్ళు పోయే దారిలోనే ఉన్నది, చూడనివారు ఒకసారి దిగి చూడండి. కట్టడమైతే మారింది గాని ఋతువు సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. మన పిల్లలు ఇప్పటికీ పునరుత్థానము అనగానే పచ్చగడ్డి బొమ్మ గీస్తారు. ఇది మన ఊరి పండుగ కాదేమో, ఎక్కడిదో తెచ్చి ఇక్కడ పెట్టారేమో అని పెద్ద తరగతులు చదివే పిల్లలు అడుగుతున్నారు కూడ.

యేసు ప్రభువు లేచిన దేశములో ఆ నెల ఎలా ఉంటుందో తెలిస్తే ఈ ప్రశ్నకు సగము జవాబు దొరుకుతుంది. ఆ నెల ఇంగ్లాండు కంటె జైపూర్‌కే దగ్గర.

బైబిలు దేశపు వసంతము

యూదయ దేశములో వానలు అక్టోబరు చివర మొదలై ఏప్రిల్‌తో ముగుస్తాయి. ఆ తరువాత అయిదారు నెలలు చుక్క పడదు. అంటే పస్కా పండుగ పచ్చదనము మొదలయ్యే వేళ వచ్చేది కాదు, వానలు ముగిసి నేల ఎండబోయే వేళ, చేను కోతకు వచ్చే వేళ వచ్చేది. పరమగీతము రెండవ అధ్యాయములో ప్రియుడు పిలిచే పిలుపు చదవండి. వానలు వెళ్ళిపోయాయి గనుక బయటకు రమ్మంటాడు. ఇంగ్లాండువారికి ఈ మాట వింతగానే ఉండి ఉంటుంది, వారికి ఏప్రిల్ అంటేనే జల్లులు!

ఇక్కడ మన సంఘాలలో తరచుగా జరిగే ఒక పొరపాటు చెప్పాలి. తొలకరి వర్షము, కడవరి వర్షము అని యోవేలు గ్రంథములోను, యాకోబు పత్రికలోను చదివినప్పుడు మనవాళ్ళు మృగశిర కార్తెను తలచుకుంటారు. బైబిలు దేశములో తొలకరి అక్టోబరు, నవంబరు నెలలలో విత్తనము వేయడానికి పడే వాన. కడవరి వర్షము మార్చి, ఏప్రిల్ నెలలలో గింజ నిండడానికి పడే వాన. అదే ఏప్రిల్‌లో మన దగ్గర వాన పడితే ఏమవుతుందో యాసంగి వరి వేసిన ప్రతి ఇంటికి తెలుసు.

కడవరి వర్షము దాటి కోత మొదలైన తరువాత పడే వాన అక్కడ కూడ భయంకరమే. సమూయేలు ప్రవక్త గోధుమ కోత కాలములో ఉరుములను, వర్షమును రప్పించగా జనులందరు మిక్కిలి భయపడిరని మొదటి సమూయేలు 12వ అధ్యాయములో ఉన్నది. పట్టణములో కూర్చుని చదివేవారికి వాన పడితే అంత భయమెందుకో అర్థము కాదు. మన రైతుకు వ్యాఖ్యానము అక్కరలేదు. 2023 మార్చి నెల మధ్యలో కురిసిన రాళ్ళ వానకు తెలంగాణలో అనేక జిల్లాలలో మక్క, మిరప, మామిడి, వరి నేలపాలయ్యాయి. ప్రభుత్వము ఎకరానికి పదివేల రూపాయలు ప్రకటించింది. ఏప్రిల్‌లో మళ్ళీ వానలు పడి కల్లాలలో వడ్లు తడిసిపోయాయి. ఐగుప్తు మీద పడిన వడగండ్లను గురించి నిర్గమకాండము 9:31, 32 వచనాలలో ఒక చిన్న సంగతి ఉన్నది. యవలు వెన్ను వేసి ఉన్నందున పాడైపోయాయి, గోధుమలు ఇంకా ఎదగలేదు గనుక దెబ్బ తినలేదు. ఏ పంట ఏ దశలో ఉందో చూసి వ్రాసిన మాట ఇది. మన వ్యవసాయ అధికారి పొలము గట్టు మీద నిలబడి పంట నష్టము వ్రాసుకున్నట్టే ఉంటుంది.

ఆ వెన్ను వేసిన యవల పేరే ఇశ్రాయేలీయుల మొదటి నెలకు పెట్టారు. ఆబీబు అంటే పచ్చి వెన్నులు. పస్కా తరువాత మొదటి పనను యాజకుడు యెహోవా సన్నిధిని అల్లాడించేవాడు (లేవీ 23:10, 11). పౌలు భక్తుడు క్రీస్తును నిద్రించినవారిలో ప్రథమ ఫలమని పిలవడానికి (1 కొరింథీ 15:20) ఆధారము ఆ పన. పచ్చగడ్డి బొమ్మలో ఈ సంగతి కనబడదు. కోతకు వచ్చిన చేను ప్రక్కన నిలబడితే కనబడుతుంది.

అందుకే శ్రమల వారములో ఆరాధనకు రాలేదని రైతు కుటుంబాలను గద్దించే సేవకులతో నేను ఏకీభవించను. వరికోత మిషను ఎప్పుడు దొరికితే అప్పుడే కోత. కోసిన వడ్లు కొనుగోలు కేంద్రములో పోసి, తేమ 17 శాతానికి దిగేవరకు ఆరబెట్టి, తూకము వేసి లారీ ఎక్కేవరకు కావలి ఉండాలి. పగలు ఎండకు వడ్లు తిరగేయాలి, సాయంత్రం మబ్బు పడితే టార్పాలిన్ కప్పాలి. ఆ రాత్రులలో కుప్ప ప్రక్కన మంచము వేసుకొని ఆకాశము చూస్తూ పడుకున్నవానికి నిద్ర ఉంటుందా? సంఘము వారి దగ్గరకు వెళ్ళవచ్చు. కొనుగోలు కేంద్రములోనే పది నిమిషాలు ప్రార్థన చేస్తే ప్రక్క కుప్పవారు కూడ వచ్చి నిలబడతారు.

మెలకువగా ఉన్న చెట్టు

యిర్మీయాను ప్రభువు పిలిచినప్పుడు అతనికి కనబడినది బాదము చెట్టు చువ్వ (యిర్మీయా 1:11, 12). మన ఇళ్ళ ముందు నీడకు పెంచే, పెద్ద ఆకులు ఎర్రబడి రాలే చెట్టు కాదు అది. ఆ దేశపు బాదము చలికాలము పోకముందే, ఒంటిమీద ఆకు లేకుండానే పూస్తుంది. మిగిలిన చెట్లన్నీ నిద్రలో ఉండగా ఇది మేలుకొంటుంది. హెబ్రీ భాషలో బాదము పేరు, మెలకువగా కనిపెట్టి ఉండుట అనే మాట వినడానికి ఒకేలా ఉంటాయి. ప్రభువు ఆ చువ్వ చూపించి, తన వాక్యము నెరవేర్చడానికి తాను మేలుకొని ఉన్నానని చెప్పాడు.

మనకు ఆ బాదము లేదు. మోదుగ ఉన్నది. మాఘము చివరికి ఆకు రాల్చి, గూని బారిన నల్లని కొమ్మలతో ఎండిపోయినట్టు నిలబడుతుంది. ఫాల్గుణము వచ్చేసరికి ఆ కొమ్మలకే చిలుక ముక్కులాంటి ఎర్రని పూలు గుత్తులు గుత్తులుగా వస్తాయి. ఇందారం దాటి చెన్నూరు వైపు బస్సులో పోయేవారు మార్చి నెలలో కిటికీ ప్రక్కన కూర్చుంటే చూడవచ్చు. వాసన లేదు. తేనె కోసము గోరువంకలు, తేనెపిట్టలు వచ్చి వాలుతాయి. ఆకు లేనందువల్ల పువ్వు దూరమునుండే పక్షికి కనబడుతుంది. ఆకు రాల్చడము కూడ ఊరికే కాదు, నేలలో నీరు తగ్గినప్పుడు ఆకుల ద్వారా పోయే తడిని చెట్టు ఆ విధముగా ఆపుకొంటుంది. ఇప్పుడు పూస్తే మే, జూన్ నాటికి కాయ ముదురుతుంది. గింజ రాలే వేళకు తొలకరి వస్తుంది. మూడు నెలల తరువాత పడబోయే వానను లెక్కలో పెట్టుకొని చెట్టు ఈ ఎండలో పూస్తున్నదన్నమాట.

ఇప్ప చెట్టుదీ దాదాపు ఇదే వరస. మార్చి, ఏప్రిల్ నెలలలో దాని పూలు తెల్లవారు జామున రాలుతాయి. ఎండ ఎక్కకముందే గంపలతో వెళ్ళి ఏరుకోవాలి. లేత పసుపు రంగులో, రసముతో, ద్రాక్షపండువలె ఉంటాయి. మన్నాను కూడ ప్రొద్దున్నే కూర్చుకొనేవారు, ఎండ కాయగానే అది కరిగిపోయేది (నిర్గమ 16:21). సండేస్కూలులో మన్నా పాఠము చెప్పేటప్పుడు ఇప్పపూలు నాలుగు తెచ్చి పిల్లల చేతిలో పెట్టండి. “అయ్యగారూ, ఇది సారా పువ్వు కదా!” అని పెద్దలు అనవచ్చు. సారా వల్ల పాడైన ఇళ్ళు నేనూ చూశాను, దానిని సమర్థించను. అయితే ఇదే పువ్వును ఆరబెట్టి వేయించి గోండు కుటుంబాలు కరువులో కడుపు నింపుకొన్నాయి. ఇప్పుడు ఉట్నూరు ప్రాంతములో ఆదివాసీ స్త్రీలు ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముతున్నారు. కుళ్ళబెట్టి కాచినది మనిషి, పువ్వుది ఏ నేరమూ లేదు.

ఉగాది ప్రశ్న

ప్రతి సంవత్సరము ఈ నెలలో నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. “ప్రక్కింటివాళ్ళు ఉగాది పచ్చడి ఇచ్చిండ్రు, తాగొచ్చా అయ్యగారూ?”

ముందు లెక్క చెప్పుకొందాము. ఉగాది అమావాస్య మరునాడు వస్తుంది. ఈస్టరు మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారమున వస్తుంది. రెండూ చంద్రుని చూసి వేసే లెక్కలే. అందుకే రెండూ ప్రతి ఏడు జరుగుతూ ఉంటాయి. 2025లో ఉగాది మార్చి 30న, ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చాయి. 2024లో ఈస్టరే ముందు, మార్చి 31న వచ్చింది, ఉగాది ఏప్రిల్ 9న.

మన పెద్దలకు ఉగాది అంటే పచ్చడి ఒక్కటే గుర్తు కాదు. ఆ రోజుల్లో జీతగాని సంవత్సరము ఉగాదినుండి ఉగాది వరకు. పాత లెక్క తేల్చి, తీరని బాకీ మీద కొత్త ఏడాదికి ఒప్పుకొనే దినమది. తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు జీతము ఉండేవాడు. ప్రభువును నమ్ముకొన్న మన మొదటి కుటుంబాలలో అనేకులు ఆ ఇళ్ళనుండి వచ్చినవారే. దొర పశువుల కొట్టము వదలి బాయి పనికి వచ్చి, నెల జీతము చేతిలో పట్టుకొన్ననాడు ఏడ్చినవారి సంగతి మన ముసలివారు ఇంకా చెబుతారు. వెట్టిచాకిరిని రద్దుచేస్తూ పార్లమెంటు చట్టము చేసింది 1976లో. అంత ఆలస్యముగా! నిర్గమకాండము 12వ అధ్యాయము మొదట్లో, దాసులుగా ఉన్న జనమునకు దేవుడు కొత్త సంవత్సరమును ఇచ్చాడు. విడుదల పొందిన నెలే వారికి మొదటి నెల అయింది. జీతము వ్రాసుకొనే ఉగాదిని చూసిన తాతకు ఈ అధ్యాయము ఎవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది.

ఆ పస్కా రాత్రి వారు తిన్నది చేదు కూరలతో. మనకు ఈ నెలలో చేదు అంటే వేపపూత. కొత్త చింతపండు, కొత్త బెల్లము, మామిడి పిందె, వేపపువ్వు, ఇవన్నీ ఈ నేల ఈ నెలలో ఇచ్చేవే గాని మరొకటి కావు. కాబట్టి నా జవాబు ఇది. స్నేహముతో ఇచ్చిన పచ్చడిని స్నేహముతో తాగండి. పూజలో పెట్టినదని ఇచ్చేవారే చెబితే 1 కొరింథీ 10:27, 28 చదువుకొని, నెమ్మదిగా, వారి మనసు నొప్పించకుండా చెప్పండి. పంచాంగము విని ఆదాయ వ్యయాల లెక్కకు భయపడే పని మాత్రము మనకు లేదు. మరి వేపపువ్వు పిడికెడు తెచ్చి, పస్కా పాఠము చెబుతూ మీ పిల్లల నాలుక మీద పెట్టి చూడండి. చేదు కూరలు అనే మాట వాళ్ళు ఇక మరచిపోరు.

ఎండ, ఆరాధన వేళలు

మన శుభ శుక్రవారపు ఆరాధన పన్నెండు గంటలకు మొదలై మూడింటికి ముగుస్తుంది. ప్రభువు సిలువ మీద ఉన్నప్పుడు చీకటి కమ్మిన గడియలను బట్టి వచ్చిన ఆచారము, మంచిదే. కాని రేకుల చర్చిలో ఏప్రిల్ మధ్యాహ్నము ఏడు మాటలు పూర్తయ్యేసరికి ముసలివారి పరిస్థితి ఏమిటి? రామగుండం, మంచిర్యాల ప్రాంతములో మే నెలలో 45 డిగ్రీలు దాటే దినాలుంటాయి, ఏప్రిల్‌లోనే వడదెబ్బ కేసులు మొదలవుతాయి. ఓపెన్‌కాస్టు గనిలో పనిచేసేవారిని అడగండి, నల్లని బొగ్గు ఎండను త్రాగి తిరిగి మన మీదికే వదులుతుంది. అలాంటి షిఫ్టు చేసి వచ్చినవాడు మళ్ళీ రేకుల క్రింద మూడు గంటలు కూర్చోవాలా? ఉదయము ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండుకు ముగిస్తే వాక్యమునకు ఏ లోటూ రాదు. మధ్యాహ్నమే ఉండాలనుకొనే సంఘాలవారు కుండలో నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ గుమ్మము దగ్గర పెట్టండి. ఉపవాసము పట్టిన గర్భిణీ స్త్రీలు, షుగరు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. ఉపవాసము ప్రాణము తీయడానికి కాదు.

ఇదే సందర్భములో ఒక మాట. మన యూత్‌వారు పేతురు బొంకిన నాటిక వేసేటప్పుడు వేదిక మీద మంట పెట్టి, చెమటలు కక్కుతూ చలి కాచుకొంటారు! జనము నవ్వుతారు. యెరూషలేము రెండున్నర వేల అడుగుల ఎత్తున కొండల మీద ఉన్న పట్టణము, వసంతకాలపు రాత్రులు అక్కడ బాగా చల్లగా ఉంటాయి. యోహాను 18:18లో చెప్పిన ఆ మంటకు గ్రీకు మాట బొగ్గుల నిప్పు అని. మన గని బొగ్గు కాదు, కట్టె బొగ్గు. అదే మాట క్రొత్త నిబంధనలో ఇంకొక్క చోటే, యోహాను 21:9లో, లేచిన ప్రభువు ఒడ్డున చేపలు కాల్చిన నిప్పుకు వస్తుంది. పేతురు ఆ రెండు నిప్పుల దగ్గరా ఉన్నాడు. నాటిక వేసేవారు రెండవ నిప్పును కూడ చూపిస్తే జనము నవ్వరు.

మట్టల ఆదివారమునకు పట్టణపు సంఘాలు ఎక్కడెక్కడినుండో కొబ్బరి మట్టలు తెప్పిస్తున్నాయి. మనకు తాటి, ఈత మట్టలు ఊరి బయటే ఉన్నాయి. గీత కార్మికుణ్ణి అడిగి, చెట్టు మొవ్వు దెబ్బతినకుండా తీసుకొంటే చాలు.

ఇక ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళే ఆచారము మన తెలుగు సంఘాలకు ఎంతో ప్రియమైనది. వారము ముందే ముళ్ళకంప కొట్టి, సమాధులకు సున్నము వేసి, సిలువలకు రంగు వేస్తారు. గనిలో చనిపోయిన భర్త సమాధికి తానే సున్నము వేసే తల్లులు మన మధ్య ఉన్నారు. ఆమె వేస్తుండగా మన యూత్‌వారు ప్రక్కన నిలబడి ఫోటోలు తీయడము కంటె నీళ్ళ బకెట్టు మోస్తే మంచిది. ప్లాస్టిక్ పూలకు డబ్బు పెట్టకండి, ఎండకు నెలలో వెలసిపోయి మన్నులో చేరక అట్లే పడి ఉంటాయి. మోదుగ పూలు ఆ రోజులకు చివరి పూతలో ఉంటాయి, ఈస్టరు ముందుగా వచ్చిన ఏడు ఇంకా నిండుగా దొరుకుతాయి. ఏప్రిల్ మొదటిలో మన ప్రాంతములో సూర్యుడు ఆరు గంటల ప్రాంతములో ఉదయిస్తాడు. అయిదు గంటలకు తోటలో చేరితే పాటలు, వాక్యము ముగిసేసరికి వెలుగు వస్తుంది, ఎండ రాకముందే ఇళ్ళు చేరవచ్చు.

శనివారము రాత్రి షిఫ్టుకు దిగినవారు ఆదివారము ఉదయము ఏడింటికి గాని పైకి రారు. విద్యుత్ కేంద్రములో పనిచేసేవారికి ఆదివారమే ఉండదు. వారి కోసము ఎనిమిది గంటలకు మరొకసారి సమాధుల తోటలో ప్రార్థన పెట్టండి. ఇరవై మంది వచ్చినా చాలు. వచ్చేవారికి టీ పట్టుకొని వెళ్ళండి.